కేబిన్లో ఎలుక పెంటికలు ఊడ్చారట: మన గాదె కింద రాని జబ్బు కొలరాడోలో ఎందుకు?

ముందు మీరు అడిగింది నా మాటల్లో చెప్పుకుంటాను. కొలరాడోలో డురాంగో దగ్గర కొండమీద ఒక పాత కేబిన్ అద్దెకి తీసుకున్నారు. చలికాలమంతా మూసి ఉన్న ఇల్లు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళి తలుపు తీస్తే వంటగది అరల్లో, పరుపు కింద ఎలుక పెంటికలు. మీరు కారులోంచి సామాను దించేలోపే అమ్మగారు చీపురు పట్టుకుని అంతా ఊడ్చేశారు. పది రోజుల తరవాత ఆఫీసులో ఎవరో "హంటా వైరస్" అన్నారు. అప్పటినుంచి మీకు నిద్ర లేదు. అమ్మగారేమో "మన గాదె కింద ఎలుకలు లేవా, ఎవరికేమైంది" అంటున్నారు. ఆవిడకి వస్తే ఇంట్లో మిగతావాళ్ళకి అంటుతుందా, పిల్లిని ఏం చెయ్యాలి అన్నది మీ రెండో దిగులు.

భయం సంగతి ముందు తేల్చేద్దాం. ఈ జబ్బు చాలా అరుదు. అమెరికాలో లెక్క పెట్టడం మొదలైన 1993 నుంచి 2022 చివరిదాకా, దేశం మొత్తం మీద నమోదైన కేసులు 864. ఆ పక్కనే ఇంకో మాట కూడా చెప్పాలి: జబ్బు పడ్డవాళ్ళలో మూడో వంతుకి పైగా చనిపోయారు. అందుకని కంగారూ వద్దు, తేలిగ్గా తీసుకోవడమూ వద్దు. ఊడ్చిన రోజు నుంచి ఎనిమిది వారాలు క్యాలెండర్లో గీత గీసి పెట్టుకోండి. ఎందుకో, ఏం చూడాలో చివర్లో చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. పుట్టింది కృష్ణా డెల్టాలో, చదివింది పశువైద్యం. ఇరవై ఏళ్ళకి పైగా చేసింది మాత్రం అడవి ఎలుకల్ని రేకు పెట్టె బోనుల్లో పట్టి, రక్తం చుక్క తీసి, చెవికి బిళ్ళ వేసి, పట్టిన చోటే వదిలే పని. ఓట్స్‌లో వేరుశనగ ముద్ద కలిపి ఎర పెడతాం. మా నాన్నగారు పోయేదాకా "డాక్టరు చదివి ఎలుకలు పట్టుకుంటున్నాడు" అని బంధువుల దగ్గర తల దించుకునేవారు.

అమ్మగారి ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి నా జవాబు ఇంకో ప్రశ్న: ఏ ఎలుక?

మనం ఎలుక అని ఒక్క మాటతో పిలిచేవి నిజానికి ఒకదానికొకటి చాలా దూరపు చుట్టాలు. ఇంట్లో తిరిగే చిట్టెలుక, గాదె కింద ఎలుక, పొలం గట్టు తవ్వే పందికొక్కు, ఇవన్నీ పాత ప్రపంచపు ఎలుకల కుటుంబం. మీ కేబిన్లో చలికాలం కాపురం పెట్టింది బహుశా డీర్ మౌస్. దీని కుటుంబమే వేరు, ఈ ఎలుక ఉండేది ఉత్తర అమెరికాలోనే. చూస్తే గుర్తుపట్టొచ్చు: పెద్ద కళ్ళు, పెద్ద చెవులు, వీపు గోధుమరంగు, పొట్ట తెల్లగా, తోక కూడా పైన ముదురుగా కింద తెల్లగా గీత గీసినట్టు ఉంటుంది. ఇంటి చిట్టెలుక తోక అంతా ఒకే రంగు. నిజం చెప్పాలంటే డీర్ మౌస్ ముద్దుగా ఉంటుంది, చేతిలో పెట్టుకోవాలనిపిస్తుంది. చేతికి తొడుగు లేకుండా ఎప్పుడూ పట్టుకోలేదు లెండి.

హంటా అనేది ఒక్క వైరస్ పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. అందులో ఒక్కోటి దాదాపుగా ఒక్కో జంతువుని ఇల్లు చేసుకుని ఉంటుంది. కొరియా యుద్ధంలో మూడు వేల మందికి పైగా ఐక్యరాజ్యసమితి సైనికులు జ్వరం, రక్తస్రావం, మూత్రపిండాల దెబ్బతో ఆసుపత్రుల పాలయ్యారు. కారణం పాతికేళ్ళ దాకా దొరకలేదు. 1976లో హో వాంగ్ లీ అనే కొరియా శాస్త్రవేత్త పొలాల్లో తిరిగే చారల ఎలుక ఊపిరితిత్తుల్లో దాన్ని పట్టుకున్నాడు. అక్కడి హంటాన్ నది పేరే ఈ కుటుంబానికంతటికీ వచ్చింది. యూరప్‌లో పూమలా అనే వైరస్ ఎలుకలాంటి అడవి జంతువు వోల్‌లో ఉంటుంది, ఫిన్లండ్ వాళ్ళకి ఇది బాగా అలవాటైన జబ్బు, ప్రాణం తియ్యడం తక్కువ. సోల్ వైరస్ నగరాల మురుగు కాలవల ఎలుకతో ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. కొలరాడో డీర్ మౌస్‌లో ఉండేది సిన్ నోంబ్రే. డీర్ మౌస్ లేని చోట ఆ వైరస్ లేదు. మీ గాదె కింద అది రాకపోవడానికి కారణం మనవాళ్ళ ఒంటి గట్టిదనం కాదు, అక్కడ ఆ ఎలుక లేకపోవడం.

సిన్ నోంబ్రే అంటే స్పానిష్‌లో "పేరు లేనిది" అని. ఆ పేరు వెనక కథ చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. 1993 మే నెల, మీరున్న చోటికి దగ్గరే, నాలుగు రాష్ట్రాల మూలలు కలిసే చోటు. అక్కడి ఆదివాసులైన నవాహో తెగ యువకుడొకడు, మంచి పరుగు పందెగాడు, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి అంత్యక్రియలకి వెళుతూ దారిలో ఊపిరందక కుప్పకూలి పోయాడు. కొన్ని రోజుల ముందు ఆ అమ్మాయి పోయిందీ అలాగే. వెతికితే ఇంకా కేసులు బయటపడ్డాయి, అన్నీ వయసులో ఉన్న, ఏ జబ్బూ లేని మనుషులు. ఊపిరితిత్తులు నీటితో నిండిపోవడం ఒక్కటే పోలిక. మొదటి వారాల్లో జబ్బు పడ్డవాళ్ళలో సగానికి మించి పోయారు. పత్రికలు "నవాహో ఫ్లూ" అని రాసేశాయి, ఆ తెగ పిల్లల్ని జనం దూరం పెట్టారు. తరవాత వైరస్‌కి అక్కడి లోయ పేరు పెడదామంటే స్థానికులు ఒప్పుకోలేదు. ఎవరి ఊరూ మచ్చపడకుండా చివరికి పేరు లేనిదే పేరయింది.

అమెరికా ప్రభుత్వ అంటువ్యాధుల సంస్థ సీడీసీ వాళ్ళు రోగుల రక్తాన్ని తెలిసిన వైరస్‌లతో పోల్చి చూస్తే హంటా కుటుంబానికి తగిలింది. అంతవరకూ అమెరికాలో ఊపిరితిత్తుల మీద పడే హంటా ఉందని ఎవరూ అనుకోలేదు. బోనులు పెడితే పట్టిన డీర్ మౌస్‌లలో దాదాపు 30 శాతానికి ఆ వైరస్ తగిలిన ఆనవాళ్ళు. మరి అదే ఏడాది ఎందుకు? చాలా ఏళ్ళ కరవు తరవాత ఎల్ నినో వల్ల విపరీతంగా మంచు, వాన పడ్డాయి. గింజలు కాసే పిన్యోన్ అనే పైన్ చెట్లు విరగకాశాయి. తిండి దండిగా దొరికేసరికి ఎలుకలు ఏడాదిలో పది రెట్లయ్యాయి. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్ళు అంతకు ముందునుంచీ వేరే పనికి ఎలుకల లెక్క తీస్తూ ఉండబట్టి ఈ సంగతి తెలిసింది. ఎందుకూ పనికిరాదనుకునే లెక్కలు ఒక్కోసారి అలా అక్కరకొస్తాయి, డబ్బిచ్చేవాళ్ళకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో. నవాహో పెద్దలు మాత్రం పిన్యోన్ గింజలు బాగా కాసిన ఏడాది ఎలుకలతో జాగ్రత్త అని ముందునుంచే చెప్పుకునేవారు. ఎలుక ముట్టిన బట్టని కాల్చెయ్యాలి, తిండి దగ్గరికి రానివ్వకూడదు అన్నది వాళ్ళ ఆచారం. దాచి ఉంచిన పాత నమూనాలు పరీక్షిస్తే 1959లో యూటాలో ఒకాయనకి ఇదే వచ్చిందని తేలింది. కొత్త జబ్బు కాదు, కొత్తగా కంటపడింది.

ఎలుకకి ఏమీ కాదా అంటే, కంటికి కనిపించేంతగా ఏమీ కాదు. వేల ఏళ్ళుగా కలిసి బతికిన జంట అది. ఒకసారి తగిలితే బతికినన్నాళ్ళూ మూత్రంలో, పెంటికల్లో, ఉమ్ములో వదులుతూనే ఉంటుంది. వాటిలో వాటికి అంటేది ఎక్కువగా కాట్ల వల్ల. నేను పట్టిన వాటిలో వైరస్ తగిలినవి తరచుగా చెవి చినిగి, తోక మీద గాట్లున్న ముదురు మగవే. పరీక్ష ఫలితం రాకముందే మా గుంపులో పందెం కాసేవాళ్ళం, నేను బాగానే గెలిచాను. తల్లి దగ్గరున్న పిల్లలకి కొన్నాళ్ళు తల్లి రక్షణే ఉంటుంది.

మనిషికి చేరేది ఎండిన మూత్రం, పెంటికల దుమ్ము లేచి, అది ముక్కులోకి పోతే. అందుకే చీపురుతో భయం. బయట ఎండలో, గాలిలో ఈ వైరస్ ఎక్కువసేపు నిలవదు. కొవ్వు పొర కప్పుకున్న వైరస్ కాబట్టి సబ్బుకీ బ్లీచ్‌కీ చస్తుంది. మూసిన గది, చీకటి, చల్లదనం, వీటిల్లో రోజుల తరబడి నిలుస్తుంది, గడ్డకట్టే చలికీ చావదు. 2012లో యోసెమిటీ పార్కులో పర్యాటకులకి 10 మందికి వచ్చి 3 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది పడుకున్నది చలి ఆగడానికి రెండు పొరల గోడలతో కట్టిన గుడారం గదుల్లో. ఆ పొరల మధ్య ఎలుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. మన పెంకుటింట్లో నాలుగు వైపులా గాలి, మధ్యలో ఎండ. అదీ ఒక తేడానే, ఎలుక తేడా అంత పెద్దది కాకపోయినా.

అలాగని మన దేశంలో ఈ కుటుంబం లేనే లేదనుకోకండి. తమిళనాడు వేలూరులో తోటపాళయం అనే పేట ఉంది. 1964లో అక్కడ పట్టిన చుంచులో ఒక వైరస్ దొరికింది. వెతికింది మెదడువాపు కోసం, తగిలింది ఇది. అది హంటా కుటుంబానిదని తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. అలా చూస్తే కొరియా నది వైరస్ కంటే పన్నెండేళ్ళు ముందే మన పొరుగూరి వైరస్ చేతికి చిక్కింది. పైగా చుంచు ఎలుకే కాదు, పురుగులు తినే వేరే జంతువు. హంటా వైరస్‌లు ఎలుకల సొత్తే అనుకున్న లెక్క దీనితో కదిలింది. ఆ తరవాత చుంచుల్లో, గబ్బిలాల్లో వరసగా కొత్తవి దొరికాయి. ఇవన్నీ తమ జంతువుతోపాటు తరతరాలుగా విడిపోతూ వచ్చినవి మాత్రమే కాదు, దారిలో ఒక జాతి నుంచి ఇంకో జాతికి గెంతినవి కూడా ఉన్నాయని వాటి జన్యువులు చూస్తే తెలుస్తుంది.

చుంచు వైరస్ మనుషుల్ని పెద్దగా బాధపెట్టిన దాఖలా లేదు. కానీ తమిళనాడులో ఎలుకలు పట్టే ఇరుళర్ తెగవాళ్ళ రక్తంలో, గిడ్డంగి కూలీల రక్తంలో హంటా యాంటీబాడీలు కనిపించాయి. లెప్టోస్పైరోసిస్ అని అనుమానించిన జ్వరరోగుల్లో కొందరికీ ఉన్నాయి. అంటే ఏదో తగులుతోంది. జ్వరం, ఒళ్ళునొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూత్రపిండాల మీద ఒత్తిడి. మన దగ్గర ఈ లక్షణాలతో వస్తే డెంగీ అంటారు, లెప్టో అంటారు, వెతకనిది దొరకదు. మా ఊళ్ళో యానాదులు మట్టికుండలో గడ్డి మంట పెట్టి, పొగ బొరియలోకి ఊది, పందికొక్కుల్ని పట్టేవాళ్ళు. అవి దాచిన వడ్లు కూడా తవ్వుకునేవాళ్ళు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని గంటలు గంటలు చూసేవాణ్ణి. వాళ్ళకొచ్చే జ్వరాల గురించి అప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి "మనకేమన్నా అయిందా" అన్నదానికి నిజాయితీగా జవాబు ఇది: డెల్టాలో ఎలుక వల్ల జబ్బులు ఉన్నాయి, కాకపోతే అవి వేరు. వరిమడి నీళ్ళలో కాలి పగులు గుండా పోయే లెప్టో ఉంది, అది బ్యాక్టీరియా. ఎలుకల మీద బతికే నల్లిలాంటి సన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంది. రెండూ ముందే పట్టుకుంటే మామూలు మందులకి లొంగుతాయి. సిన్ నోంబ్రేకి నిరూపితమైన మందు లేదు, టీకా లేదు. ఐసీయూలో ఊపిరినీ గుండెనీ మోసుకుంటూ ఆ కొద్ది రోజులు దాటించడమే వైద్యం.

ఇక అంటుకోవడం సంగతి. సిన్ నోంబ్రే మనిషి నుంచి మనిషికి పోదు. మనిషి దానికి దారి ముగిసే చోటు. అమ్మగారి పక్కన కూర్చుని భోంచెయ్యండి, ఒకే గదిలో పడుకోండి. పిల్లి, కుక్కల వల్ల ఇక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు. పిల్లి చచ్చిన ఎలుకని నోట కరిచి పరుపు మీద పెడితే ఆ ఎలుకతోనే ఇబ్బంది.

ఈ కుటుంబంలో ఒక్కటి మాత్రం ఆ గీత దాటింది: దక్షిణ అమెరికాలో ఆండీస్ వైరస్. 2018 నవంబరులో అర్జెంటీనాలో ఎపుయెన్ అనే చిన్న ఊళ్ళో ఒక పుట్టినరోజు విందుకి జ్వరంతో ఉన్న ఒకాయన వెళ్ళాడు. ఉన్నది గంటన్నర. వందమంది దాకా వచ్చిన ఆ విందులో ఐదుగురికి ఆయన నుంచి అంటింది. వాళ్ళ నుంచి మరికొందరికి. మొత్తం 34 మంది, 11 చావులు. జబ్బు ఉన్నవాళ్ళని, వాళ్ళని కలిసినవాళ్ళని ఇళ్ళకే కట్టడి చేశాక ఆగింది. మొదట ఎలుక నుంచి దూకింది ఒక్కసారే, మిగతాదంతా మనుషులే మోసుకెళ్ళారు. మా పనిలో ఉన్నవాళ్ళకి నిద్ర పట్టనివ్వనిది కొలరాడో కేబిన్ కాదు, ఇది.

జాతి నుంచి జాతికి దూకడంలో మన చెయ్యి ఎంత ఉంటుందో చూడాలంటే 2003 చూడండి. ఘనా నుంచి పెంపుడు జంతువులుగా అమ్మడానికి పెద్ద ఆఫ్రికా ఎలుకల్ని అమెరికా తెచ్చారు. వాటిని బొరియల్లో ఉండే ఒక రకం ఉడతలైన ప్రెయిరీ డాగ్‌ల పక్కన ఉంచారు. అడవిలో అయితే ఆ రెండూ జన్మలో కలవవు, మధ్యలో సముద్రం ఉంది. పక్క పక్క పంజరాల్లో మంకీపాక్స్ ఇటు నుంచి అటు వెళ్ళింది. ప్రెయిరీ డాగ్‌లని కొనుక్కున్నవాళ్ళకి, ముట్టుకున్నవాళ్ళకి వచ్చింది, ఆరు రాష్ట్రాల్లో 47 మంది. మీ పాప హ్యామ్‌స్టర్ అడుగుతోందని కూడా రాశారు కదా. హ్యామ్‌స్టర్‌కి ఇంటి చిట్టెలుక నుంచి వచ్చే వేరే వైరస్ ఒకటి ఉంది. చేతులు కడుక్కోవడం నేర్పి కొనివ్వండి, కడుపుతో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం ఇప్పుడు వద్దు.

"కొండమీది ఎలుకలన్నిటికీ విషం పెట్టిస్తే?" అని అడిగారు. ఇంటి లోపల ఎలుక వేరు, కొండమీది ఎలుక వేరు. 1960ల మొదట్లో బొలీవియాలో సాన్ హోకీన్ అనే ఊళ్ళో రక్తస్రావ జ్వరం జనాన్ని ఊడ్చేస్తుంటే, ఇళ్ళలోకి జొరబడ్డ ఒక రకం పొలం ఎలుక కారణమని తేలింది. ఊళ్ళో పిల్లులు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. పరిశోధనకి వెళ్ళిన కార్ల్ జాన్సన్‌కే ఆ జబ్బు వచ్చి చావు తప్పింది. 1964లో ఇంటింటా బోనులు పెట్టి పట్టేసరికి కొన్ని వారాల్లో జబ్బు ఆగిపోయింది. అదీ ఇంట్లో.

బయట లెక్క తిరగబడుతుంది. పనామాలో కొందరు పరిశోధకులు కొన్ని అడవి ముక్కల్లోంచి హంటా మొయ్యని చిన్న జంతువుల్ని తీసేసి చూశారు. మిగిలిన చోట వైరస్ మోసే ఎలుకలు పెరిగాయి, వాటిలో వైరస్ తగిలినవాటి పాలు కూడా పెరిగింది. పోటీదారులూ వేటగాళ్ళూ ఉన్నంతసేపు ఇవి అదుపులో ఉంటాయి. విషం పెడితే ముందు గుడ్లగూబ, నక్క పోతాయి, ఖాళీ అయిన చోటికి తిరిగొచ్చేది తొందరగా పిల్లల్ని పెట్టే ఈ ఎలుకే. కేబిన్ యజమానికి చెప్పాల్సింది విషం గురించి కాదు, కన్నాల గురించి. పెన్సిల్ దూరే సందు చాలు దీనికి. స్టీలు పీచు కుక్కి సిమెంటో సీలెంటో పెట్టించమనండి, కట్టెల దొంతర గోడకి దూరంగా పేర్పించమనండి.

మళ్ళీ వెళితే ఊడవద్దు, వాక్యూమ్ అసలే వద్దు. తలుపులు, కిటికీలు తీసి అరగంట బయట తిరిగి రండి. చేతికి రబ్బరు తొడుగులు. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, పెంటికలూ గూళ్ళూ నానేలా చల్లండి. గట్టిగా కొట్టకండి, దుమ్ము లేస్తుంది. ఐదు నిమిషాలు ఆగి కాగితంతో తుడిచి, రెండు సంచుల్లో కట్టి పడెయ్యండి. తరవాత అదే నీళ్ళతో నేల తుడవండి. అమ్మగారికి ఇది చాదస్తంలా అనిపించవచ్చు. మన ఇళ్ళలో వాకిట్లో నీళ్ళు చల్లి ఊడుస్తాం కదా, దుమ్ము లేవకూడదని, అదే పద్ధతి, నీళ్ళ బదులు బ్లీచ్ అని చెప్పండి, ఒప్పుకుంటారు. అక్కడి నుంచి తెచ్చిన దుప్పట్లు దులపకుండా నేరుగా వేడినీళ్ళ వాషింగ్‌లో వేసి, ఎండలో ఆరెయ్యండి.

ఇక ఆ ఎనిమిది వారాల గీత. తగిలిన తరవాత లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మొదట జ్వరం, తొడలు, నడుము, వీపు పెద్ద కండరాల్లో సలుపు, తలనొప్పి, కొందరికి వాంతులు. జలుబులా ముక్కు కారడం సాధారణంగా ఉండదు. నాలుగు నుంచి పది రోజుల తరవాత దగ్గు, ఆయాసం మొదలవుతాయి, అక్కడి నుంచి గంటల్లో ముదురుతుంది. ఆయాసం దాకా ఆగకండి. ఇప్పుడు ఏ లక్షణమూ లేకపోతే పరీక్ష అక్కర్లేదు. జ్వరం వస్తే చిన్నాచితకా జబ్బులు చూసే అర్జెంట్ కేర్‌కి కాదు, ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మొదటి మాటగానే "డురాంగో దగ్గర మూసిన కేబిన్లో ఎలుక పెంటికలు ఊడ్చారు" అని, ఊడ్చిన తేదీతో సహా చెప్పండి. లేకపోతే ఫ్లూ అని టైలెనాల్ (మన పారాసెటమాలే) ఇచ్చి పంపేస్తారు. అమ్మగారి వీసా గడువు దగ్గరపడి ఈలోపు ఇండియా వెళ్ళిపోతుంటే, ఇదే వాక్యం ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి ఆవిడ పర్సులో పెట్టండి. విజయవాడలో డాక్టరుకి డెంగీ తడుతుంది కానీ కొలరాడో ఎలుక తట్టదు.